మిద్దె కురిసే అంగళ్లలో బాడుగకున్న వ్యాపారులకు బహిరంగ లేఖ

కర్నూలు పాతబస్తీలో, అనంతపురం, కడప పాత బజార్లలో బాడుగ అంగళ్లు నడుపుకుంటున్న అన్నలకు, అక్కలకు నమస్కారం.

ముందుగా ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఓనరు రిపేరు చేయించడం లేదని బాడుగ ఆపేయకండి. మిద్దె కురిసి బట్టల తాన్లు తడిసిన నాడు, పెచ్చు ఊడి కౌంటరు మీద పడిన నాడు "రిపేరు చేసేదాకా పైసా ఇవ్వను" అనాలనిపిస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ బాడుగ నిలిపిన నెల నుంచి కోర్టులో ప్రశ్నే మారిపోతుంది. మిద్దె ఎందుకు కురిసిందని అడిగేవాళ్లుండరు, బాడుగ ఎందుకు కట్టలేదని అడుగుతారు. మిమ్మల్ని ఖాళీ చేయించడానికి ఓనరుకు అంతకంటే సులువైన కారణం దొరకదు. బాడుగ కడుతూనే, రిపేరు చేయించుకుని, ఆ ఖర్చును బాడుగలో పట్టుకునే దారి చట్టంలోనే ఉంది. ఆ దారిలో ఎక్కడ జారిపడతారో తెలిస్తే నడక కష్టం కాదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ‘ఎఫ్’ క్లాజు ఇలా చెబుతుంది: ఓనరు తాను చేయించాల్సిన బాధ్యత ఉన్న రిపేరును, నోటీసు అందాక తగినంత సమయంలో చేయించకపోతే, బాడుగకున్నవారే చేయించుకోవచ్చు. అయిన ఖర్చును వడ్డీతో సహా బాడుగలోంచి పట్టుకోవచ్చు, లేదా మరో రకంగా వసూలు చేసుకోవచ్చు. ఇందులో "బాధ్యత ఉన్న" అనే మాట దగ్గరే చాలా కేసులు ఓడిపోతాయి. ఈ క్లాజు ఓనరు మీద కొత్తగా ఏ బాధ్యతా పెట్టదు. ఆ బాధ్యత మీ అగ్రిమెంటులోంచో, ఆ ఊరి వ్యాపార ఆనవాయితీలోంచో, వేరే చట్టంలోంచో రావాలి. 108వ సెక్షన్ మొత్తం, అందుకు విరుద్ధంగా ఒప్పందం లేనప్పుడే పనిచేస్తుంది.

కాబట్టి మొదట అగ్రిమెంటు బయటికి తీయండి. స్టాంపు పేపరు మీద అచ్చు వేయించే 11 నెలల అగ్రిమెంట్లలో ఎక్కువగా మూడు రకాల వాక్యాలు కనిపిస్తాయి. "చిన్న చిన్న రిపేర్లు బాడుగదారు, పెద్ద రిపేర్లు యజమాని" అని ఉంటే మీ పని సగం తేలిక. మిద్దె, దూలాలు, గోడలు, బయటి డ్రైనేజీ పెద్ద రిపేర్ల కిందికే వస్తాయి. "సమస్త రిపేర్లు బాడుగదారే చేసుకోవలెను" అని ఉంటే ‘ఎఫ్’ క్లాజు మీకు దాదాపు మూసుకుపోయినట్టే. అప్పుడు ప్రమాదకరమైన కట్టడాల గురించిన దారి మిగులుతుంది, దాని సంగతి కింద రాశాం. ఇక రిపేర్ల మాటే లేకపోతే ఆనవాయితీని రుజువు చేయాలి. సున్నం కొట్టించుకోవడం, షట్టరుకు గ్రీజు, లోపలి వైరింగు, ట్యూబులైట్లు అంగడివాళ్లవి, మిద్దె, గోడ ఓనరువి అని బజారంతా నడుస్తుంటే, అదే ఓనరు పక్క అంగడికో మీకో గతంలో మిద్దె పని చేయించి ఉంటే, ఆ బిల్లు కాపీయో వాట్సాప్ మెసేజో మీకు పెద్ద ఆధారం. అగ్రిమెంటు తిరిగి రాసుకునేటప్పుడు ఒక్క వాక్యం పెట్టించండి: "మిద్దె, స్లాబు, దూలాలు, గోడలు, పునాది, వాన నీటి గొట్టాలు, మెయిన్ విద్యుత్ సర్వీసు రిపేర్లు యజమాని బాధ్యత, వ్రాతపూర్వక నోటీసు అందిన 30 రోజుల్లో చేయించనిచో బాడుగదారు చేయించుకుని ఖర్చును బాడుగలో మినహాయించుకోవచ్చును." బాడుగ పెంచే రోజే ఈ వాక్యం అడగాలి. ఆ తర్వాత అడిగితే ఎవరూ వినరు.

అదే 108వ సెక్షన్ ‘ఎం’ క్లాజు మీ మీద కూడా ఒక బరువు పెడుతుంది. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదల తప్ప, చేతికొచ్చిన స్థితిలోనే అంగడిని ఉంచాలి. మీ చేతుల మీదుగా జరిగిన నష్టాన్ని ఓనరు నోటీసిస్తే మూడు నెలల్లో సరిచేయాలి. మిద్దె మీద బోర్డు నిలపడానికి బోల్టులు దిగ్గొట్టి, ఏసీ పైపు కోసం స్లాబుకు కన్నం వేసి, ఆ చోటే కురుస్తుంటే నోటీసు పంపే ముందే ఆ కన్నం మీరు మూయించుకోవాలి. ఓనరు తరఫు వకీలు మొదట వెతికేది దాన్నే.

ఇప్పుడు లోపం ఎక్కడుందో రాయడం. "అంగడి కురుస్తోంది" అని రాస్తే నోటీసు వట్టి ఫిర్యాదు అవుతుంది. బేల్దారి మేస్త్రీ చూపుతో రాయాలి.

మన ఊళ్లలో పాత అంగళ్ల మిద్దెలు రెండు రకాలు. ఒకటి దూలాల మీదో, ఇనుప రైలు పట్టాల మీదో కడప బండలు, బేతంచెర్ల బండలు పరిచి, సందుల్లో సున్నం గారతో పూడ్చి, పైన చవుడు మన్నో గచ్చో వేసినవి. వీటిలో బండ పగలడం అరుదు, సందు విడుస్తుంది. ఎండకు బండ వ్యాకోచించి రాత్రికి కుంచించుకుంటుంటే సున్నం నెర్రెలిస్తుంది, ఆ సందులో రావి మొలక వేరు దిగుతుంది. దీని మీద చాలాచోట్ల చేసే తప్పు ఒక్కటే: సందులు తవ్వకుండా పైన అంగుళం మందం కాంక్రీటు పరిచేయడం. 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న అంగడి మీద అంగుళం కాంక్రీటు అంటే టన్నుకు పైగా బరువు. చెదలు తిన్న దూలం మీద ఆ బరువు వేసి, కురవడం ఆగిందని సంతోషిస్తాం. సరైన పని పాత పొరలు దించి, సందును అంగుళం లోతు తవ్వి, కడిగి, మళ్లీ సున్నం కలిపిన గారతో నింపి, ఆ తర్వాతే వాలు సరిచేయడం. సిమెంటు మరీ ఎక్కువైతే గార రాయిలా గట్టిపడి, మొదటి వేసవికే మళ్లీ విడుస్తుంది.

రెండోది స్లాబు. నీళ్లు పైన నిలిచి, మెల్లగా చువ్వల దాకా దిగి, ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు మూడు రెట్ల చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కిందున్న కాంక్రీటు పొరను తోసేస్తుంది. పెచ్చు ఊడటం అంటే అదే. సీలింగు మీద గోధుమ రంగు గీత తిన్నగా, చువ్వ వెళ్లిన దారినే కనిపిస్తే, పెచ్చు ఇంకా ఊడకపోయినా లోపల పని మొదలైందని అర్థం. ఊడిన చోట చువ్వను తీగ బ్రష్షుతో రుద్ది, వెర్నియర్‌తో మందం కొలవండి. 10 మిల్లీమీటర్ల చువ్వ 8కి తగ్గిందంటే చూపుకు చిన్న తేడా, కానీ బరువు మోసే అడ్డుకోతలో మూడో వంతుకు పైగా పోయినట్టే. అక్కడ పుట్టీ, రంగు పనికిరావు. ముందు జాకీలు పెట్టి స్లాబును ఆపాలి. వదులైన కాంక్రీటంతా చువ్వ వెనక వేలు దూరేంత వరకు చెక్కి, తుప్పు పూర్తిగా తీసి, జింకు ప్రైమరు పూసి, అవసరమైతే కొత్త చువ్వ కట్టి, పాలిమర్ కలిపిన మోర్టారును పలుచటి పొరలుగా వేసి, తడుపుతూ క్యూరింగు చేయాలి. ఎక్కడ కొత్త చువ్వ కావాలో చెప్పాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీరు. మేస్త్రీ మాట మీద ఆధారపడకండి.

లోపల చేసిన పని నిలవాలంటే పైన నీళ్లు నిలవకూడదు. నూటికి ఒకటి వాలు కావాలి, అంటే 20 అడుగుల మిద్దెకు ఈ కొనకూ ఆ కొనకూ సుమారు రెండున్నర అంగుళాల తేడా. నిజానికి సగం అంగళ్లలో లోపం స్లాబులో కాదు, పిట్టగోడ మూలలో గొట్టం నోరు ప్లాస్టిక్ కవర్లతో మూసుకుపోవడంలో ఉంటుంది. లక్షల అంచనా వేయించే ముందు ఆ గొట్టం శుభ్రం చేసి ఒక వాన చూడండి.

కరెంటు సంగతి క్లుప్తంగా. చెమ్మెక్కిన గోడలో వైరు పైపుంటే షట్టరుకు, ఇనుప ర్యాకులకు కరెంటు పాకవచ్చు. కరెంటు లీకైతే సరఫరా తెంపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ మీ ఖర్చుతోనైనా ఇవాళే పెట్టించుకోండి, ఎర్తింగు కొలిపించండి. మీటరు బోర్డు తడిస్తే మెయిన్ కట్టేసి 1912కు ఫోన్ చేయండి. సర్వీసు ఓనరు పేరున ఉన్నా ఫిర్యాదు మీరు చేయవచ్చు.

నోటీసు ఎలా ఉండాలంటే: ఏ అంగడి, ఏ అగ్రిమెంటు, నెల బాడుగ ఎంత, ఎప్పటిదాకా కట్టారు, లోపాలు ఒక్కొక్కటిగా, చోటు, కొలతతో, ఓనరు బాధ్యత అని ఏ వాక్యాన్ని బట్టి చెబుతున్నారు, గడువు, గడువు దాటితే 108 ‘ఎఫ్’ కింద మీరే చేయిస్తారనే మాట, అంచనా కాపీ. ఒక లోపాన్ని ఇలా రాయండి: "అంగడి వాయవ్య మూలలో, షట్టరు నుంచి 14 అడుగుల లోపల, సుమారు 3 అడుగులు, 4 అడుగుల మేర స్లాబు పెచ్చు ఊడి మూడు చువ్వలు బయటపడి ఉన్నవి. వానలో ఈ చోటే నీరు కారుచున్నది. ఫొటోలు జతచేయడమైనది." తగినంత సమయం ఎంతో చట్టం రోజుల్లో చెప్పలేదు. మిద్దె మామూలుగా కురుస్తుంటే 30 రోజులు, వానలు దగ్గరపడితే 15 రోజులు, పెచ్చు మనుషుల మీద పడే స్థితి అయితే రెండు రోజులు న్యాయమని మా అభిప్రాయం. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి, స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు అడిగి పంపండి. వాట్సాప్‌లోనూ పంపండి, కానీ వాట్సాప్ ఒక్కటే చాలనుకోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఫోన్ ఫొటోలు, మెసేజీలు కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ జతచేయాలి. కాబట్టి ఫొటోలు తీసిన ఫోన్ మార్చేయకండి, అమ్మేయకండి. ఓనరు చనిపోయి ఆస్తి అన్నదమ్ముల మధ్య పంపకంలో ఉంటే, మీకు తెలిసిన ప్రతి వారసుడికీ విడివిడిగా పంపండి. బాడుగ వసూలు చేసుకునే ఒక్కడికే పంపితే మిగతావాళ్లు మాకు తెలియదంటారు.

గడువు దాటిందనుకుందాం. కనీసం ఇద్దరి నుంచి రాతపూర్వక కొటేషన్లు, ఒక ఇంజనీరు రిపోర్టు తీసుకోండి. పని మొదలయ్యే ముందు, సాగుతుండగా, అయ్యాక ఫొటోలు తీయండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. కూలీలకు నగదిచ్చి తెల్లకాగితం మీద రాయించుకున్న లెక్క కోర్టులో నిలబడటం కష్టం. ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడమే రిపేరు. ఆ అవకాశంలో టైల్స్ వేయించి, కొత్త ఫాల్స్ సీలింగు పెట్టి అది కూడా లెక్కలో కలిపితే మొత్తం లెక్క మీదే అనుమానం వస్తుంది. పట్టుకోవడం కూడా ఒక క్రమంలో చేయండి. నెలకు 15,000 బాడుగ, రిపేరుకు 42,000 అయిందనుకుంటే, మూడు నెలలు బాడుగ మొత్తం ఆపేసే కంటే ఆరు నెలలు 7,000 చొప్పున పట్టుకుని మిగతా 8,000 గడువు తేదీకే ఓనరు ఖాతాలో వేయడం మేలు. వేసిన రోజే "మే నెల బాడుగ 15,000లో రిపేరు కింద 7,000 మినహాయించి 8,000 జమ" అని లెక్క పంపండి. బాడుగ కడుతున్నారన్న సంగతికి ప్రతి నెలా ఒక ముద్ర పడుతుంది. ఓనరు ఖాతా మూసేస్తేనో, తిరస్కరిస్తేనో, చెక్కు స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచండి. జీఎస్టీ, టీడీఎస్‌లు పూర్తి బాడుగ మీదే లెక్కకట్టమని మీ ఆడిటరుకు చెప్పండి. అడ్వాన్సులో పట్టుకోవచ్చని నోటిమాటగా ఓనరు చెప్పినా, అది రాసి ఇచ్చేదాకా లెక్కలోకి రాదు.

చాలామంది ఇంకో గుంటలో కూడా పడతారు. ‘ఎఫ్’ క్లాజు మీకు బాడుగకిచ్చిన ఆస్తి గురించి. మీ అంగడి మీది మిద్దె మీకు బాడుగకు ఇచ్చిందేనా? పై అంతస్తులో ఓనరో, ఇంకో బాడుగదారో ఉంటే, డాబా తాళం వాళ్ల దగ్గర ఉంటే, మీ మేస్త్రీ అక్కడ ఎక్కి గచ్చు పగలగొట్టడం అక్రమ ప్రవేశం కిందికి పోతుంది. ఆ స్థితిలో ఎక్కడానికి రాతపూర్వక అనుమతి అడగండి. ఇవ్వకపోతే అదే మీ కోర్టు కేసుకు ఆధారం. సివిల్ కోర్టులో 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 39వ సెక్షన్ కింద ఓనరు చేతే పని చేయించే ఆదేశం కోరవచ్చు. అదే దావాలో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను పంపమని అడగండి. వాన పడుతున్న వారంలో కమిషనర్ వచ్చి చూసి, కొలిచి, రాసిన రిపోర్టు పది నోటీసుల కంటే బలంగా నిలుస్తుంది.

ఒకే వరుసలో ఐదారు అంగళ్లుంటే ఎవరికి వారు విడిగా తంటాలు పడకండి. ఎవరి బాడుగ ఒప్పందం వారిదే కాబట్టి నోటీసు ఎవరిది వారే సంతకం చేయాలి, కానీ ఇంజనీరు ఒక్కడే చాలు, కొటేషన్లు అందరికీ కలిపి తీసుకుంటే చాలు. ఖర్చును అంగడి వైశాల్యాన్ని బట్టి పంచుకుని, ఎవరి వాటాను వారే తమ బాడుగలో పట్టుకోండి. అందరి తరఫున ఒక్కరే ఖర్చు పెట్టి తన బాడుగలో మొత్తం పట్టుకుంటే, ఆ ఒక్కరి మీదే ఖాళీ చేయించే కేసు పడుతుంది.

కట్టడం ప్రమాదకరంగా ఉంటే దారి వేరు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, కూలిపోయి అక్కడ నివసించేవారికో, వ్యాపారం చేసేవారికో, దారిన పోయేవారికో గాయం కలిగించే స్థితిలో ఉన్న భవనాన్ని తొలగించమని, రిపేరు చేయమని, లేదా ఆసరా పెట్టమని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు ఓనరుకు షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. అర్జీలో "రిపేరు లేదా ఆసరా" అనే మాటలే వాడండి. పాత భవనాలను పరిశీలించే అధికారం మున్సిపల్ కార్పొరేషన్‌కూ ఉంది. అయితే అక్కడ అర్జీ పెడితే కూల్చివేత నోటీసు వస్తుందని, అంగడి పోతుందని భయపడి చాలామంది నోరు మెదపరు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ వరదలో మునిగిన కర్నూలు పాతబస్తీలో నీళ్లు తాగిన గోడలెన్నో ఉన్నాయి. అలాంటి గోడ కింద భయంతో కూర్చోవడం కంటే, చట్టం ఏం చెబుతుందో తెలుసుకోవడం మంచిది. షా రతన్సీ ఖిమ్జీ కేసులో 2014లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది: మున్సిపాలిటీ భవనాన్ని కూల్చినంత మాత్రాన బాడుగ హక్కు అంతరించదు, ఎందుకంటే భవనంతో పాటు దాని కింది నేల కూడా బాడుగ ఒప్పందంలో భాగమే. కావాలనే రిపేరు మానేసి, కార్పొరేషన్ నోటీసుతో అంగళ్లు ఖాళీ చేయించాలనుకునే ఓనర్లకు ఇది అడ్డు. మీరు మాత్రం బయటికి వచ్చే ముందు అంగడి కొలతలు, హద్దులు రాసుకుని, ఫొటోలు తీసి, "ప్రాణభద్రత కోసం తాత్కాలికంగా ఖాళీ చేస్తున్నాను, బాడుగ హక్కు వదులుకోలేదు" అని ఓనరుకు, కార్పొరేషన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇంజనీరు బయటికి రమ్మంటే మాత్రం ఆ రోజే వచ్చేయండి. సరుకు తర్వాత తెచ్చుకోవచ్చు.

వరదో, అగ్నిప్రమాదమో అంగడిలో ప్రధాన భాగాన్ని శాశ్వతంగా పనికిరాకుండా చేస్తే, ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ‘ఇ’ క్లాజు ప్రకారం ఒప్పందాన్ని రద్దు చేసుకునే ఎంపిక మీది. రద్దు చేసుకోకుండా ఉండిపోతే బాడుగ కట్టాల్సిందే. ఓనరు నిర్లక్ష్యంతో కురిసే మిద్దెకు ఈ క్లాజు వర్తించదు. బీమా మాటకొస్తే, సరుకుకు తీసుకునే పాలసీ వరద, తుఫాను నష్టాన్ని ఇస్తుంది కానీ ఏళ్లుగా దిగిన చెమ్మ నష్టాన్ని ఇవ్వదు.

కోర్టుకు వెళ్లే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (దావాకు ముందే రాజీ కోరే) అర్జీ పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం. పెట్టిన ఖర్చు మూడు లక్షలు దాటి, వసూలు దావా వేయాలంటే వాణిజ్య కోర్టుల చట్టం కిందికి రావచ్చు. అత్యవసర ఉత్తర్వు కోరకపోతే ఆ చట్టం 12ఎ సెక్షన్ ప్రకారం ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి, అది చేయకుండా వేసిన దావా అక్కడే తిరస్కరణకు గురవుతుంది. ఓనరు రాత్రికి రాత్రి తాళం వేస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేయాలి. ఇంకా చాలామంది 1960 నాటి బాడుగ నియంత్రణ చట్టం పేరే చెబుతుంటారు. రాష్ట్రం 2017లో నివాస, నివాసేతర భవనాల అద్దెలకు కొత్త చట్టం చేసింది. కాబట్టి పాత పిటిషన్ నమూనా తెచ్చి పేరు మార్చి వేయకండి. ఏ అధికారి ముందు వేయాలన్నది మీ వకీలును అడగాల్సిన మొదటి ప్రశ్న. అంగడి దేవస్థానానిదో, వక్ఫ్‌దో, కార్పొరేషన్‌దో అయితే నియమాలు పూర్తిగా వేరు, నోటీసు ఆ శాఖ పద్ధతిలోనే పోవాలి.

చివరగా ఒక ముప్పు దాచకుండా చెప్పాలి. రిజిస్టరు కాని, నెలనెలా నడిచే బాడుగను ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. ప్రత్యేక బాడుగ చట్టాల రక్షణ ఉందో లేదో మీ అంగడి విషయంలో చూసుకున్నాకే గట్టి నోటీసు పంపండి. ఏడాదికి మించిన ఒప్పందం రిజిస్టరు చేయిస్తే ఖర్చవుతుంది, నిజమే. కానీ రిపేరు అడిగినందుకు అంగడి పోకుండా కాపాడేది ఆ రిజిస్ట్రేషనే. అది లేనివాళ్లు ఈసారి బాడుగ పెంపు మాట వచ్చినప్పుడు, పెంచిన మొత్తానికి బదులుగా రెండు కోరండి: రిజిస్టరు అగ్రిమెంటు, అందులో పైన రాసిన రిపేరు వాక్యం.

ముంగారు వానలు జూన్‌లో దిగుతాయి. 30 రోజుల గడువు, కొటేషన్లు, పని, క్యూరింగు అన్నీ అందులో పట్టాలంటే నోటీసు మార్చిలోనే పోస్టులో పడాలి. ఆ రసీదు అగ్రిమెంటు ఫైలులోనే పెట్టుకోండి.

ఇట్లు,
కట్టడాలు, బాడుగ వ్యవహారాలు చూసే మీ శ్రేయోభిలాషులు,
కర్నూలు